పంతొమ్మిదో జతలో ఒక్క అక్షరం

"ఆ ల్యాబుకి ఎన్నింటికి వెళ్ళావు?"

నసీమున్నీసా అడిగిన ప్రశ్నను ఆరాధన పలక మీద పెద్ద అక్షరాలతో రాసి తండ్రి ముందు పెట్టింది. యేసుపాదానికి రెండు చెవులూ పోయి ఆరేళ్ళయింది. పొదిలి పోలీస్ స్టేషన్ బల్ల మీదకి వంగి, పెదవులు కదుపుతూ ఒక్కో మాటా కూడబలుక్కున్నాడు.

"ఎండ బాగా ఉందప్పుడు," అన్నాడు గది దద్దరిల్లేలా. తన గొంతు తనకే వినపడని మనిషి.

"డాక్టరమ్మని దేంతో కొట్టావు?"

ఆరాధన తడిగుడ్డతో పలక తుడిచి మళ్ళీ రాసింది. 

"కర్రతో."

"పొద్దున సీఐ గారికి ఇనప రాడ్డన్నావట?"

"రాడ్డే అయ్యుంటది. ఏదైతేనేం, నేనే కొట్టాను మేడమ్ గారూ. మా అమ్మాయిని పంపించెయ్యండి, డ్యూటీకి టైమవుద్ది."

నసీమున్నీసా నోటు పుస్తకం మూసింది. డాక్టర్ శ్రీదివ్యను ఎవరూ దేంతోనూ కొట్టలేదు. పోస్టుమార్టం రిపోర్టు ఆమె అప్పటికే రెండుసార్లు చదివింది. వెనక్కి పడి, తల స్టీలు బల్ల అంచుకు తగిలి చనిపోయింది ఆ డాక్టరు. ఈ మనిషికి ఆ సంగతే తెలియదు.

యేసుపాదానికి నలభై ఏడేళ్ళు. చూడ్డానికి అరవై దాటినట్టున్నాడు. పదిహేనేళ్ళు మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో టిక్కీలు, అంటే కాయల బస్తాలు, మోసి, కాళ్ళు పుళ్ళు పడ్డాక ఊళ్ళో కల్లాల్లో పనికి కుదిరాడు. అతని తండ్రిదీ అదే జబ్బు. ముందు పాదాల స్పర్శ, తరవాత చెవులు, ఆ తరవాత బుర్ర. కుష్టు అనుకుని ఆ ముసలాయనకి జీవితాంతం కుష్టు మందులే మింగించారు. అది కుష్టు కాదని ఆ ఇంటివాళ్ళకి మొదట చెప్పింది శ్రీదివ్యే. ఇల్లిల్లూ తిరిగి, నాలుగేళ్ళు ఆ కుటుంబం వెంట పడి, రక్తాలు తీసుకుని మరీ చెప్పింది. బుధవారం మధ్యాహ్నం ఆమె చనిపోయింది. గురువారం సాయంత్రం యేసుపాదాన్ని పట్టుకున్నారు. అదే రాత్రి ఆరాధన గుంటూరు బస్సెక్కి వచ్చి నసీమున్నీసా తలుపు తట్టింది.

సీఐడీలో ఇరవై ఆరేళ్ళు, అందులో పద్నాలుగేళ్ళు వేలిముద్రలూ అడుగుజాడలే చూసి రిటైరైన మనిషి నసీమున్నీసా. ఒప్పుకున్న ముద్దాయిలను చాలామందిని చూసింది. తాను చేశానో లేదో తనకే తెలియని ముద్దాయిని చూడటం ఇదే మొదలు.

సీఐ వీరాంజనేయులు గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు.

"అయిందా మేడమ్? ఒప్పుకోలుంది. ఫ్రీజర్ పిడి మీద వాడి వేలిముద్రలున్నాయి. వాడి అరికాళ్ళలో ల్యాబు సీసాల గాజు పెంకులున్నాయి. ఇంకేం కావాలి మీకు?"

"ఇవాళ ఏ వారమో ఆయన్ని అడగండి."

"అదెందుకు?"

"అడగండి."

ఆరాధన పలక మీద రాసింది. యేసుపాదం నవ్వాడు. "ఆదివారం కదమ్మా. ప్రార్థనకి పోలేదేం నువ్వు?"

ఆ రోజు శుక్రవారం.

"వారం తెలియని మనిషి ఒప్పుకోలు కోర్టులో నిలుస్తుందా వీరాంజనేయులు గారూ?"

"నిలవకపోతే పోనీండి. గాజు పెంకులు నిలుస్తాయి." సీఐ మొహం గంటుపెట్టుకున్నాడు. "మీరు నాకు ట్రైనింగులో పాఠం చెప్పారు, కాదన్ను. ఇప్పుడు రిటైరయ్యారు. డీఎస్పీ గారు చెప్పారు కాబట్టి ల్యాబు చూడనిస్తా. నాలుగింటికి వీణ్ణి మేజిస్ట్రేటు గారి ముందు పెట్టాలి. ఇప్పుడు పన్నెండూ పది. పదండి, నేనూ వస్తా."

*

ల్యాబంటే పెద్ద భవనమేం కాదు. ఊరి చివర, చర్చివాళ్ళు వాడకుండా వదిలేసిన పాత డిస్పెన్సరీలో రెండు గదులు. ముందు గదిలో కుర్చీలు, వెనక గదిలో స్టీలు బల్ల, ఫ్రీజరు. పెరటి తలుపు తీస్తే మిరప కల్లాలు. శ్రీదివ్య దగ్గర అసిస్టెంటుగా చేసే మాధురి తాళం తీసింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"బుధవారం మధ్యాహ్నం రెండింటికి నువ్వెక్కడున్నావు?" గుమ్మంలోనే అడిగింది నసీమున్నీసా.

"ఒంగోల్లో మేడమ్. కొరియర్ ఆఫీసులో. రెండూ ఐదుకి రసీదిచ్చారు." బ్యాగులోంచి తీసి చూపించింది.

నసీమున్నీసా రసీదు చూసి తిరిగిచ్చేసింది. గోడ మీద ఒక పెద్ద చార్టు అంటించి ఉంది. చదరాలు మగవాళ్ళు, సున్నాలు ఆడవాళ్ళు. నాలుగు తరాలు. జబ్బు ఉన్నవాళ్ళవి నల్లగా నింపి ఉన్నాయి. పేర్లు లేవు, నెంబర్లే.

"ఇది నాకు అర్థమయ్యేలా చెప్పమ్మా."

మాధురి చార్టు దగ్గరికి వెళ్ళింది. "మన కణాల్లో ఇరవై మూడు జతల క్రోమోజోములుంటాయి మేడమ్. ఈ జబ్బు వాటిలో ఎక్కడుందో మొదట మాకు తెలీదు. జబ్బున్న వాళ్ళందరిలో ఉండి, లేనివాళ్ళలో లేని ముక్క ఏదా అని వెతికాం. రెండేళ్ళకి పంతొమ్మిదో జత దగ్గర ఆగింది. అక్కణ్ణించి జల్లెడ పట్టుకుంటూ పోతే ఒక జీను దొరికింది. అది ఒక ఎంజైముని తయారుచేస్తుంది. ఆ ఎంజైము డీఎన్ఏ మీద చిన్న చిన్న గుర్తులు పెడుతుంది. ఏ కణంలో ఏ జీను పనిచెయ్యాలి, ఏది నోరు మూసుకుని ఉండాలి అని చెప్పే గుర్తులు. వీళ్ళలో ఆ జీనులో ఒక్క అక్షరం మారింది. గుర్తులు తప్పిపోతున్నాయి. నరాలు చచ్చిపోతున్నాయి. చెవుల్లో ముందు సన్నటి కూతలు పోతాయి, మాటలు ఆ తరవాత."

"మందు?"

"లేదు."

"ఎప్పటికైనా?"

మాధురి తల అడ్డంగా ఊపింది. "తల్లికో తండ్రికో ఉంటే పిల్లల్లో ప్రతి ఒక్కరికీ సగానికి సగం అవకాశం. వస్తుందో రాదో ఇప్పుడు ముందే చెప్పగలం. చెప్పడం తప్ప ఇంకేం చెయ్యలేం. శ్రీదివ్య మేడమ్ రోజూ దాని గురించే బాధపడేది."

"ఈమధ్య ఎవరికైనా చెప్పారా?"

"సోమవారం కొత్త రిజల్ట్స్ వచ్చాయి. ఇవాళ, శుక్రవారం, పిలిచి చెబుదామన్నారు. కౌన్సెలర్ని కూడా రమ్మన్నారు."

"ఎవరెవరికి?"

"పేర్లు చెప్పకూడదు మేడమ్. రాసిచ్చాం వాళ్ళకి."

"ఎంతమందికి ఉందని వచ్చిందో చెప్పు, పేరొద్దు."

మాధురి చార్టు వైపు తిరిగింది. "ఒక్కరికి. ఆడమనిషి."

సీఐ చేతిగడియారం చూసుకున్నాడు. "సైన్సు క్లాసు అయిపోతే, నేల మీద రక్తం చూద్దామా?"

ఫ్రీజరు ముందు గోధుమరంగు సీసాలు పగిలి గాజు చెల్లాచెదురుగా పడి ఉంది. అక్కణ్ణించి పెరటి తలుపు దాకా ఎండిపోయిన రక్తపు అడుగులు, పదకొండు. నసీమున్నీసా చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుంది. సంచీలోంచి టేపు, టార్చి, భూతద్దం తీసింది. పావుగంట ఒక్కో అడుగూ కొలిచింది.

"అడుగుకీ అడుగుకీ ఇరవై నాలుగంగుళాలు," అంది చివరికి. "ఇరవై నాలుగు. ఇరవై మూడున్నర. మళ్ళీ ఇరవై నాలుగు. కాల్లో గాజు దిగితే మీరు ఇలా నడుస్తారా?"

"నేనెందుకు నడుస్తాను? కుంటుతాను. వాడికి స్పర్శ లేదు, అందుకే నడిచాడు. నేననేదీ అదేగా!"

"బాగానే పట్టుకున్నారు. ఇప్పుడు ఈ బొటనవేలి ముందు గీత చూడండి. ప్రతి అడుక్కీ ఉంది. యేసుపాదం వేళ్ళు పైకి లేవవు, ఈడ్చుకుంటూ నడుస్తాడు. స్టేషన్లో చూశా. ఈ పెద్ద పాదం ఆయనదే."

"మరింకేం?"

"దాని కింద ఇంకొకటి ఉంది."

సీఐ వంగాడు. టార్చి వెలుగు అడ్డంగా పడగానే పెద్ద పాదం మరకలో ఇంకో చిన్న పాదం అంచు, నల్లగా గడ్డకట్టిన సన్నటి గీతలా, బయటపడింది.

"కింది రక్తం అంచులు ఎండిపోయాక దాని మీద పైది పడింది. మధ్యలో అరగంటకి పైనే గడిచింది. పదకొండు అడుగుల్లోనూ అంతే. ఆయన చూసి చూసి, ఒక్కో చిన్న అడుగు మీదా తన పాదం మోపుకుంటూ వెళ్ళాడు. ఇదిగో, ఈ బల్ల కాలు పక్కనున్నది ఒక్కటే ఆయన కంట పడలేదు." బల్ల కింద ఒంటరిగా ఒక పాదముద్ర. సన్నటి మడమ, దగ్గర దగ్గరగా వేళ్ళు, ఈడ్చిన గీత లేదు. "తొమ్మిదంగుళాలు కూడా లేదు. ఆడమనిషి. ఈమె కూడా గాజు మీద నడిచి కుంటలేదు."

సీఐ లేచి నిలబడ్డాడు. "ఎండిన రక్తం చూసి టైము చెప్పేస్తారా? కోర్టులో ప్లీడరు నవ్వుతాడు."

"రక్తం ఒద్దు, ఫ్రీజర్ని అడుగుదాం. మాధురీ, దీనికి తలుపు తీసిన టైము రికార్డవుతుందా?"

అవుతుంది. మాధురి మీటలు నొక్కి చదివింది. "బుధవారం రెండూ పద్నాలుగుకి తలుపు తీశారు. రెండూ పదహారుకి అలారం మొదలైంది. మూడూ ఏడుకి తలుపు మూశారు."

"నాలుగేళ్ళ కష్టం ఆ ఫ్రీజర్లో పెట్టుకున్న మనిషి, అలారం మోగుతుంటే యాభై నిమిషాలు చూస్తూ ఊరుకుంటుందా? రెండూ పదహారుకే శ్రీదివ్య నేల మీద ఉంది. ఆ టైముకి యేసుపాదం ఎక్కడున్నాడు?" నసీమున్నీసా తన ఫోను తీసి సీఐ చేతిలో పెట్టింది. పక్క కల్లం యలమందయ్య తన కాయల్ని గుంటూరు యార్డులో కమీషన్ వ్యాపారికి చూపించడానికి తీసి పంపిన వీడియో అది. ఎర్రటి రాశి వెనక యేసుపాదం గోనెసంచి మూతి కుడుతున్నాడు. పంపిన టైము రెండూ ఇరవై ఆరు. "ఈ వీడియో తీసింది రెండుంబావు తరవాతేనని యలమందయ్య పొద్దున నాకు ఫోన్లో చెప్పాడు. యేసుపాదం రెండూ నలభై దాటేదాకా అక్కడే ఉన్నాడట. తరవాత ఎందుకో పని మధ్యలో వదిలేసి లేచిపోయాడు."

"వచ్చి?"

"వచ్చి ఫ్రీజరు తలుపు మూశాడు. పదిహేనేళ్ళు కోల్డ్ స్టోరేజీలో చేసిన చెయ్యి. అలారం ఆయనకి వినపడదు. చలిపొగ కనిపించి మూసుంటాడు. అందుకే పిడి మీద ముద్రలు."

సీఐ ఫోను తిరిగిచ్చేశాడు. "అదే నిజమైతే ఆ ఆడమనిషి ఎవరో చెప్పండి. నాలుగు లోపల చెప్పండి. లేకపోతే నేను వీణ్ణే పెడతా."

"ఆ అలారం గోల ఎంత ఉంటుందో నాకు వినాలనుంది. దానితోపాటు ఒక్క నిమిషమైనా గదిలో ఉండగలరా అని." నసీమున్నీసా, శాంపిళ్ళు తీసేసి ఖాళీ చేసిన ఫ్రీజరు తలుపు బార్లా తీసింది.

రెండు నిమిషాలు గడిచాయి. సన్నటి, సూదిలాంటి కూత ఒక్కసారిగా గది నిండా లేచింది. సీఐ "అబ్బా" అని చెవులు మూసుకున్నాడు. రోడ్డు మీద జీపు దగ్గరున్న కానిస్టేబుల్ తల తిప్పి చూశాడు. మాధురి మొహం చిట్లించింది.

తలుపవతల వరండాలో, నాలుగు బారల దూరంలో, ఆరాధన స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. లోపలికి రమ్మంటే, బూట్లు విప్పాలి కదా మేడమ్, ఇక్కడే ఉంటాలెండి అని ఆగిపోయిన పిల్ల. కూత చెవులు చిల్లులు పెడుతుంటే ఆమె మామూలు గొంతుతో, ఎప్పటిలా మెల్లగా, "మాధురక్కా, తాగడానికి నీళ్ళున్నాయా?" అని అడిగింది.

నసీమున్నీసా ఫ్రీజరు తలుపు మూసేసింది. కూత ఆగిపోయింది. ఆరాధన మొహంలో ఏ మార్పూ లేదు. ఆమెకు అది మొదలైన సంగతీ తెలియదు, ఆగిన సంగతీ తెలియదు.

ఇరవై ఆరేళ్ళ సర్వీసులో నేరస్థుల్ని పట్టుకున్న ప్రతిసారీ నసీమున్నీసాకి ఒంట్లో ఒక వేడి పుట్టేది. ఇప్పుడు ఒళ్ళు చల్లబడిపోయింది.

*

సీఐ స్టేషనుకి ఫోన్ చేసుకోవడానికి జీపు దగ్గరికి వెళ్ళాడు. నసీమున్నీసా మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని వరండా మెట్టు మీద ఆరాధన పక్కన కూర్చుంది. ఆమె నీళ్ళు తాగేదాకా ఆగింది.

"బూట్లు విప్పమ్మా."

ఆరాధన కాళ్ళు వెనక్కి లాక్కుంది. అద్దంకిలో ఒక నర్సింగ్ హోములో నర్సు ఆమె, ఒంటి మీద ఆ యూనిఫామే ఉంది. ఇరవై మూడేళ్ళు. తెల్లటి క్యాన్వాసు బూట్లు శుభ్రంగా ఉతికి ఉన్నాయి. కాసేపటికి తనే వంగి లేసులు విప్పింది. రెండు పాదాలకూ పొందికగా చుట్టిన కట్లు.

"నువ్వే కట్టుకున్నావా?"

"ఊఁ. గాజు కూడా నేనే తీసుకున్నాను. ఫోర్సెప్స్‌తో. ఏడు ముక్కలు." కట్టు అంచు వేలితో సరిచేసింది. "ఇంజక్షన్ అక్కర్లేకపోయింది మేడమ్."

ఆ పిల్లే చెప్పుకుపోయింది.

"బుధవారం లీవు పెట్టి వచ్చాను. రిజల్ట్ వచ్చిందా అక్కా అన్నాను. శుక్రవారం మీ నాన్నతో రామ్మా, కూర్చుని మాట్లాడుకుందాం అంది. లేదు అని వస్తే శుక్రవారం దాకా ఎందుకండీ? అక్కడే చెప్పేది కదా. నా రక్తం నాకిచ్చెయ్యి అన్నాను. నా నెంబరు ఆ గోడ మీదుండకూడదు అన్నాను. ఫ్రీజరు తీసి ట్యూబులు వెతికాను. తను నా చెయ్యి పట్టుకుంది. విదిలించుకున్నాను. సీసాల స్టాండు పడింది, తనూ పడింది. నేను నర్సుని మేడమ్. మెడ దగ్గర చెయ్యి పెట్టి నాడి చూశాను. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు చూశాను. లేదు."

"తరవాత?"

"పారిపోదామని పెరటి తలుపు దాకా వెళ్ళి వెనక్కి చూశాను. నేలంతా ఎర్రటి అడుగులు. ఎవరివా అనుకున్నాను." తన కాళ్ళ వైపు చూసుకుంది. "నావేనండి. చురుక్కుమనలేదు కూడా. నా రిజల్ట్ అప్పుడు తెలిసింది నాకు."

కల్లంలో మిరపకాయలు ఎగదోస్తున్నారు. ఘాటు వరండా దాకా వచ్చింది.

"పెరటి గుమ్మంలో కాసేపు కూలబడి, అక్కడ విప్పిన చెప్పులు తొడుక్కుని నాన్న దగ్గరికి పరిగెత్తాను. ఏం చెప్పలేదు. ఆయన నా చెప్పులు చూశాడు, రక్తంతో జారిపోతున్నాయి. ఇంటికి పో అని చెయ్యి ఊపాడు. వెళ్ళిపోయాను. ఆయన ఇక్కడికి వచ్చాడని, ఇలా చేశాడని నాకు తెలీదు మేడమ్. మర్నాడు నేను చెప్పేద్దామనుకునేలోగా ఆయన్ని పట్టుకెళ్ళారు."

"మరి నా దగ్గరికెందుకు వచ్చావు? దొరికిపోతావని తెలియదా?"

"ఆయన్ని విడిపిస్తారు, నా దాకా రారు అనుకున్నాను. వస్తే వచ్చారులే అని కూడా అనుకున్నాను." బూట్లు మళ్ళీ తొడుక్కుని లేసులు బిగించింది. "పదండి. నాన్నకి నేను చేసిందే తెలుసు. నాకు ఇది ఉందని తెలీదు. అది మాత్రం చెప్పకండి."

*

మూడూ ఇరవైకి స్టేషన్లో ఆరాధన అంతా మళ్ళీ చెప్పింది. వీరాంజనేయులు మొదట, తండ్రి కోసం నాటకమాడుతోంది అన్నాడు. కట్లు విప్పి చూపించాక కొలతలు చూశాడు, వీడియో మళ్ళీ చూశాడు. చివరికి టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"తీసుకురండి వాణ్ణి... ఆయన్ని," అన్నాడు కానిస్టేబుల్‌తో. "ఈ ముక్క ఆయన నోటితో రావాలి. వెనక వచ్చి అడుగుల మీద అడుగులేశానని ఆయన చెప్పకపోతే సాక్ష్యం చెరిపినందుకు ఆయన్నీ, చంపినందుకు ఈ పిల్లనీ, ఇద్దర్నీ పెట్టాలి నేను. చెబితే, మతి సరిగా లేని మనిషని నేనే రాస్తా."

యేసుపాదం వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. మధ్యాహ్నం కంటే మొహం ఇంకా ఖాళీగా ఉంది. ఆరాధన పలక తీసుకుని రాసింది. 'నాన్నా, నేను ఒప్పుకున్నాను. నువ్వు జరిగింది చెప్పెయ్యి.'

అతను చదివాడు. మళ్ళీ చదివాడు. తలెత్తి ఆమె మొహం పరీక్షగా చూశాడు. తరవాత పలక మర్యాదగా తిరిగిచ్చేసి నసీమున్నీసా వైపు వంగాడు. గుసగుసలాడుతున్నాననుకున్నాడు గాని ఆ మాట గేటు దాకా వినపడింది.

"ఈ నర్సమ్మ ఎవరండీ? పాపం ఏడుస్తోంది."

ఆరాధన పలక తుడిచి 'నేను ఆరాధనని' అని రాసింది. అతను దాన్ని చూసి ఉలిక్కిపడ్డాడు.

"ఆరాధన వస్తందా? రానీకండి సార్! ఆ పిల్ల వచ్చేలోపు నన్ను తీసుకుపోండి. డాక్టరమ్మని నేనే చంపాను. రాసుకోండి, ఏలిముద్ర ఏస్తా."

"పొద్దున బానే ఉన్నాడుగా," అన్నాడు సీఐ, ఎవరినో నిలదీస్తున్నట్టు. "రేపటికి మళ్ళీ గుర్తొస్తుందా?"

"మాధురి చెప్పింది," అంది నసీమున్నీసా. "ఒక్కోసారి వస్తుందట. ఒక్కోసారి అంతేనట."

వీరాంజనేయులు గోడ గడియారం వైపు చూశాడు. మూడూ నలభై ఐదు. టోపీ పెట్టుకున్నాడు.

"ఇద్దర్నీ ఎక్కించండి."

నసీమున్నీసా జీపు దాకా నడిచింది.  యేసుపాదం ముందెక్కాడు. కట్లు కట్టిన కాళ్ళతో ఆరాధన ఎక్కలేక తడబడుతుంటే చెయ్యందించాడు. పక్కకి జరిగి చోటిచ్చి, భుజం మీది కండువాతో సీటు దులిపాడు.

జీపు కదిలింది. అతని గొంతు ఇంజను మోత మీదుగా కూడా స్పష్టంగా వినిపించింది.

"కూచో తల్లీ, భయపడమాక. మా అమ్మాయి కూడా నర్సే. అద్దంకిలో."